ఇంట్లో మూడు మానిటర్లు, నాలుగు కంప్యూటర్లు, దొడ్లో గదికి నెట్... ఎక్కడ తప్పు చేసేనో చెప్పండి

మండువా_కుర్రోడు:

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. కోవిడ్ టైములో వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఇంటికొచ్చేను, తర్వాత కంపెనీ వాళ్ళు నెలకోసారి హైదరాబాద్ వస్తే చాలన్నారు, ఇంక ఇక్కడే ఉండిపోయేను. ఇన్నాళ్ళూ మంచమ్మీద కూర్చుని లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని లాగించేసేను గానీ నడుం పట్టేసిందండి, సరే ఈసారి పద్ధతిగా ఆఫీసు రూము పెట్టుకుందామని దొడ్లో కొబ్బరికాయలు పోసుకునే శ్లాబు గది ఖాళీ చేయించి రంగులేయించి ఏసీ పెట్టించేను. అక్కడిదాకా బానే ఉంది, ఆ తర్వాతే మొదలైంది గోల.

ఇల్లు పాత మండువా లోగిలి, గోడలు మూరెడు మందం. రౌటర్ వీధి గదిలో నాన్నగారి కంప్యూటర్ పక్కన ఉంది, ప్రింటర్ కూడా అక్కడే. అక్కణ్ణించి దొడ్లో గదికి 35 మీటర్లు, మధ్యలో నుయ్యి, నాలుగు కొబ్బరిచెట్లు. ఊళ్ళో కరెంటు పని చేసే కుర్రాడు వచ్చి క్యాట్ 6 వైరు లాగేడు, గదికి కరెంటు వెళ్ళే పైపు ఎలాగూ ఉంది కదా అని అందులోనే తోసేసేడు. మా నెట్ ప్లాన్ 300 ఎంబీపీఎస్, వీధి గదిలో 300 వస్తోంది, దొడ్లో గదిలో ఎన్నిసార్లు చూసినా 94, 95, అంతకి ఒక్క అంగుళం కదలదు. వైఫై కోసం గదిలో ఇంట్లో పడున్న పాత రౌటర్ తగిలించేను, నెట్ వస్తోంది గానీ అక్కణ్ణించి ప్రింటర్ కనపడదు.

ఇంక మానిటర్లు. పాతది 24 అంగుళాలది ఒకటుంది, ఆఫర్లో 27 అంగుళాలవి 2కే రెండు కొన్నాను. ఆఫీసు లాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ ఒకటే ఉంది, టైప్-సి పోర్టులు రెండున్నాయి. ఒక హెచ్‌డీఎంఐని రెండు చేసే స్ప్లిటర్ అని ఆన్‌లైన్లో కనపడితే తెప్పించేను, పెడితే రెండు మానిటర్లలోనూ ఒకటే బొమ్మ! సెట్టింగుల్లో ఎంత వెతికినా మారట్లేదు, స్ప్లిటర్ పాడైపోయిందంటారా?

మా ఆవిడ జీఎస్టీ రిటర్నులు, రొయ్యల మేత షాపుల వాళ్ళ లెక్కలు ట్యాలీలో చూస్తుంది, తనకి కొత్త లాప్‌టాప్ కొన్నాం. ట్యాలీ డేటా నాన్నగారి పాత కంప్యూటర్లో ఉంది, ఆ ఫోల్డర్ షేర్ చేసి పాస్‌వర్డ్ అక్కర్లేదు అని టిక్ పెట్టినా తన లాప్‌టాప్‌లో ఓపెన్ అవ్వట్లేదు, ఏదో సెక్యూరిటీ పాలసీ అంటాది. నాకు ఆఫీసు లాప్‌టాప్ కాక సొంత డెస్క్‌టాప్ ఒకటుంది, ఆ రెండూ ఒకే కీబోర్డు మౌసుతో వాడుకోవాలని ఉంది. పైగా కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి వెళ్ళే ఆ క్షణంలో డెస్క్‌టాప్ రీస్టార్ట్ అయిపోతోంది.

ఇప్పటికే చాలా తగలేసేను, ఇంకేదైనా కొనేముందు మిమ్మల్ని అడుగుదామని. కాస్త తెలిసినవాళ్ళు చెప్పండి.

---

గోదారి_గట్టు:

మూడు మానిటర్లా బాబూ, రాకెట్లేమైనా ఎగరేత్తారేంటి అక్కణ్ణించి

---

భీమారం_బుల్లోడు:

పైనాయన్ని పట్టించుకోకండి, ఒకసారి రెండు స్క్రీన్లకి అలవాటుపడితే ఒకదాంతో పని చెయ్యడం ఒంటిచేత్తో కొబ్బరికాయ పీచు తీసినట్టు ఉంటాది.

మీ స్ప్లిటర్ పాడవలేదు, దాని పనే అది. ఒక బొమ్మని రెండు చోట్ల చూపించడానికి చేసేరు దాన్ని, షాపుల్లో గోడలకి నాలుగు టీవీలు పెట్టి ఒకే యాడ్ వేస్తారు చూడండి అందుకు. విండోస్ దృష్టిలో అక్కడున్నది ఒక్క మానిటరే, ఒక్కదాన్ని రెండుగా పరవమంటే ఎలా పరుస్తాది. కాబట్టి సెట్టింగులు వెతక్కండి, టైం దండగ.

మీక్కావాల్సిన రెండో దారి ఆ టైప్-సి పోర్టు. కానీ టైప్-సి అన్నది పోర్టు ఆకారం పేరు మాత్రమేనండి, లోపల ఏం పారుతుందో ఆ పేరు చెప్పదు. కొన్ని పోర్టులు డేటా మాత్రమే ఇస్తాయి, కొన్ని ఛార్జింగ్ కూడా తీసుకుంటాయి, కొన్ని బొమ్మ కూడా పంపిస్తాయి, ఆ చివరిదాన్ని డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అంటారు. మీ పోర్టు పక్కన డి అక్షరంలో పి ఇరికించినట్టు చిన్న గుర్తుందేమో చూడండి, లేదా మెరుపు గుర్తుందా చూడండి, మెరుపుంటే థండర్‌బోల్ట్ అన్నమాట, అందులో బొమ్మ వస్తుంది. ఏ గుర్తూ లేకపోయినా రావచ్చు, కొన్ని కంపెనీలు గుర్తులెయ్యవు, మోడల్ నంబర్ కొట్టి కంపెనీ సైట్‌లో చూసుకోవడమే నయం. బొమ్మ వచ్చే పోర్టైతే టైప్-సి నుంచి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ ఒక్కటి కొంటే సరి, ఒక మానిటర్ హెచ్‌డీఎంఐకి, రెండోది దీనికి, విండోస్ కీ పి కలిపి నొక్కి ఎక్స్‌టెండ్ అనండి, అయిపోయింది.

డాక్ అని ఒక డబ్బా అమ్ముతారు, అందులో రెండు మూడు రకాలు, కొనేముందు ఏ రకమో అడగండి. ఒకరకం లాప్‌టాప్ గ్రాఫిక్స్ సిగ్నల్‌నే విడగొట్టి రెండు మానిటర్లకి పంచుద్ది. ఇంకోరకం డిస్‌ప్లేలింక్ అని, అది బొమ్మని కుదించి మామూలు యూఎస్‌బీ డేటా లాగా పంపుద్ది, టైప్-సి లో బొమ్మ రాని లాప్‌టాపులకి కూడా పనిచేస్తాది గానీ డ్రైవర్ ఇన్‌స్టాల్ చెయ్యాలి. ఆఫీసు లాప్‌టాప్ అంటున్నారు, మీ ఐటీ వాళ్ళు ఒప్పుకోవాలి, అది కొన్నాక తెలిస్తే లాభం లేదు. ముందు టికెట్ పెట్టి అడగండి.

డెస్క్‌టాప్‌కి విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ వైర్లు ఆ కార్డుకే పెట్టండి, పైన మదర్‌బోర్డు దగ్గరుండే హెచ్‌డీఎంఐకి కాదు. ఇది నవ్వులాటగా చెప్పట్లేదు, మా తమ్ముడు కార్డు కొని ఏడాది పాటు మదర్‌బోర్డుకే పెట్టుకుని గేమ్ స్లోగా ఉంది స్లోగా ఉంది అని ఏడ్చేడు.

2కే మానిటర్‌కి మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ సరిపోద్ది, 4కే అయితేనే గొడవ, హెచ్‌డీఎంఐ 1.4 మీద 4కే 30 హెర్ట్జ్ దాటదు, మౌసు ఈడ్చినట్టు కదుల్తాది, 60 కావాలంటే 2.0 ఉండాలి.

కీబోర్డు మౌసు సంగతి. పవర్‌టాయ్స్ అని మైక్రోసాఫ్ట్ వాళ్ళదే ఉచితం, అందులో మౌస్ వితవుట్ బోర్డర్స్ అని ఉంటుంది, ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న నాలుగు కంప్యూటర్ల దాకా ఒకే మౌసు ఒక స్క్రీన్ అంచు దాటి పక్కదాంట్లోకి వెళ్ళిపోద్ది, భలే ఉంటుంది. కానీ మళ్ళీ అదే పేచీ, ఆఫీసు దాంట్లో ఇన్‌స్టాల్ చెయ్యనివ్వరు, వీపీఎన్ ఆన్ చేస్తే లోకల్ నెట్‌వర్క్ కనపడకుండా పోవచ్చు కూడా. మీకు తేలికైంది యూఎస్‌బీ స్విచ్, చిన్న డబ్బా, కీబోర్డు మౌసు దానికి పెట్టి బటన్ నొక్కితే అటూ ఇటూ మారుద్ది. మానిటర్లకి ఎలాగూ రెండు మూడు ఇన్‌పుట్లు ఉంటాయి కదా, ఒకదానికి ఆఫీసుది, రెండోదానికి డెస్క్‌టాప్, మానిటర్ బటన్‌తో మార్చుకోండి. కేవీఎం అని బొమ్మ కూడా కలిపి మార్చేవి ఉన్నాయి గానీ చవకవి కొంటే 2కే సరిగ్గా రాదు, మంచివి మీ మానిటర్ అంత ధర.

---

ఆక్వా_అల్లుడు:

మధ్యలో దూరినందుకు సారీ అండి, నాది ఎం1 మాక్‌బుక్ ఎయిర్. నేనూ రెండు మానిటర్లు పెడదామని డాక్ కొంటే రెండోదాంట్లో మొదటిదాని బొమ్మే వస్తోంది, ఇదీ స్ప్లిటర్ లాంటిదేనా?

---

భీమారం_బుల్లోడు:

కాదండి, మీది వేరే జబ్బు. ఎం1, ఎం2 ఎయిర్‌లో బయట ఒక్క మానిటరే, ఆపిల్ వాళ్ళే అంత వరకే ఇచ్చేరు. ఎం3 ఎయిర్ అయితే మూత మూసి రెండు, ఎం4 అయితే మూత తెరిచి కూడా రెండు. పైగా నేను పైన చెప్పిన మొదటిరకం డాక్‌తో మాక్ రెండు వేరే బొమ్మలు ఇవ్వదు. మీకు డిస్‌ప్లేలింక్ రకమే దిక్కు.

---

వైర్లాగే_బాబాయ్:

పాలకొల్లు చుట్టుపక్కల ఇరవయ్యేళ్ళుగా వైర్లు లాగే పని నాది. రొయ్యల ప్లాంట్లు, రైస్ మిల్లులు, కాలేజీలు అన్నీ తిరిగేను. మానిటర్ల గొడవ నాకు తెల్దు, బుల్లోడు బాగా చెప్పేడు. నేను వైరు సంగతి సెప్తాను, కాస్త తిట్టినట్టుంటే ఏమనుకోకండి.

94 దగ్గర ఆగిపోయిందంటే అది నెట్ స్లో కాదండి, 100 లింకు పడింది అని అర్థం. 100 లింకు మీద స్పీడు టెస్టు చేస్తే 94, 95 వత్తాది, అంతకన్నా రాదు. వైరు లోపల ఎనిమిది తీగలుంటాయి, నాలుగు జతలు. 100 కి రెండు జతలు చాలు, 1000 కి నాలుగు జతలూ తగలాలి. మీ కుర్రాడు క్రింపింగ్‌లో, అంటే వైరు కొసకి ప్లగ్గు బిగించేటప్పుడు, ఒక తీగ సరిగ్గా కొట్టకపోయినా, నాలుగు తీగలే కొట్టి ఊరుకున్నా, పని జరుగుద్ది గానీ 100 కి పడిపోద్ది. నెట్ వచ్చింది కదా అని డబ్బులిచ్చేత్తారు, ఎవుడికీ తెల్దు. రెండు కొసలూ చూడండి, తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ, ఈ వరసే రెండేపులా ఉండాలి. నేను పనిలో పెట్టుకునే కుర్రాళ్ళకి ముందు ఈ వరస అప్పజెప్పించి అప్పుడు క్రింపరు చేతికిత్తాను.

ఇంకో అనుమానం, మీరు గదిలో పెట్టిన పాత రౌటరు. దాని పోర్టులే 100 వి అయితే వైరు బంగారంతో చేసినా 94 దాటదు. రౌటరు పీకేసి వైరు సూటిగా లాప్‌టాప్‌కి పెట్టి, సెట్టింగ్స్‌లో ఈథర్నెట్ దగ్గర లింక్ స్పీడు 100 చూపిత్తోందా 1000 చూపిత్తోందా చూడండి. అది చూత్తే దొంగెవడో తేలిపోద్ది.

దూరం భయం అక్కర్లేదు, రాగి వైరు 100 మీటర్లు పోద్ది, మీది 35. కానీ వైరు తొక్క ఒలిచి తీగ గీకి చూడండి, లోపల తెల్లగా కనపడితే అది అల్యూమినియం మీద రాగి పూతన్నమాట, సీసీఏ అంటారు, సగం ధరకి అమ్ముతారు, రెండు వానాకాలాలు గడిచేసరికి కొసలు పుచ్చిపోతాయి. మనది అసలే ఉప్పుగాలి.

ఇప్పుడు అసలు తిట్టు. కరెంటు పైపులో నెట్ వైరు తోసేడన్నారు, ఆడెవడండి బాబూ! ఆ కరెంటు వైరు తొక్క ఎక్కడైనా రాసుకుపోయి నెట్ వైరుకి తగిల్తే 230 వోల్టులు నేరుగా మీ లాప్‌టాప్‌లోకి, మీ చేతిలోకి. ముందు అది బయటికి లాగించండి, ఇవాళే.

తీసేక మళ్ళీ రాగి వైరు వెయ్యకండి. నేనెందుకు చెప్తున్నానో వినండి. మా ఇల్లు, మా అన్న ఇల్లు పక్కపక్కనే, మధ్యలో కొబ్బరితోట, నలభై మీటర్లుంటాది, నాకు పనొచ్చు కదా అని దర్జాగా రాగి వైరేసి రెండిళ్ళూ కలిపేను. ఎండాకాలం సాయంత్రం గాలివాన, ఢామ్మని మధ్యలో చెట్టు మీద పిడుగు పడింది, చెట్టు మొవ్వు మాడిపోయింది సరే, మా ఇంట్లో స్విచ్చి, రౌటరు, అన్న ఇంట్లో కంప్యూటరు మదర్‌బోర్డు, టీవీ, మొత్తం గోవిందా. వైరు మీద పిడుగు పడక్కర్లేదండి, పక్కన పడ్డా చాలు, రెండిళ్ళకి రెండు ఎర్తులు, ఒక ఎర్తు ఒక్కసారిగా లేత్తే ఆ తేడా అంతా మధ్యలో ఉన్న రాగి తీగమీదే పరిగెడతాది. పది మందికి వైర్లేసేవాణ్ణి నేనే ఆ పని చేసేను, ఇంట్లో ఇప్పటికీ ఎటకారం ఆడతారు.

మీకు కావాల్సింది ఫైబరు. గాజు తీగ కాబట్టి కరెంటు పోదు. అటో మీడియా కన్వర్టరు, ఇటో మీడియా కన్వర్టరు, అంటే ఫైబరుని మామూలు నెట్ వైరుకి కలిపే డబ్బా, మధ్యలో డ్రాప్ కేబుల్ అనే ఫైబరు వైరు. ఒక తీగ మీద నడిచేవి జతగా అమ్ముతారు, ఒకటి ఏ, ఒకటి బి అని ఉంటాది, ఒకటి 1310 నానోమీటర్ల వెలుగులో పంపితే రెండోది 1550 లో పంపుద్ది, రెండూ ఏ లే తెచ్చుకున్నారనుకోండి పనిచెయ్యవు. గిగాబిట్‌వే తీసుకోండి, 100 వి ఇంకా అమ్ముతున్నారు. నల్ల డ్రాప్ కేబుల్‌కి పక్కన ఇనప తీగ అంటుకుని ఉంటాది, చెట్టుకీ స్తంభానికీ కట్టి లాగడానికి, దాన్ని గోడ బయటే కత్తిరించి వదిలెయ్యాలి, ఇంట్లోకి రానిచ్చేరో మళ్ళీ రాగి వైరేసినట్టే. మీ ఊళ్ళో కేబుల్ టీవీ కుర్రాడి దగ్గర ఫైబరు అతికించే స్ప్లైసింగ్ మిషనుంటాది, కొసలు అతనే కొట్టేత్తాడు. కేబుల్ కొబ్బరిచెట్టుకి మాత్రం కట్టకండి, దింపు తీసేవాడి కత్తికి పోద్ది. చెట్టు గాలికి ఊగుద్ది కూడా. పైపులో పెట్టి నేలలో పాతించండి, పైపు రెండు మూతులూ మూసెయ్యండి, లేకపోతే ఎలకలు.

---

గోదారి_గట్టు:

ఇంత గోలెందుకు, మెష్ వైఫై మూడు డబ్బాలు పెట్టేత్తే అయిపోద్ది కదా

---

వైర్లాగే_బాబాయ్:

మూరెడు మందం గోడలు అన్నాడు కదండి. 5 గిగాహెర్ట్జ్ ఒక్క గోడ దాటేసరికే నీరసపడిపోద్ది, మధ్యలో నాలుగు గోడలు. మెష్ డబ్బా ముందు తనకి సిగ్నల్ అందితే కదా పక్కదానికి ఇచ్చేది. మండువాలో ఒకటి పెడితే మధ్యలో ఆకాశం కనపడతాది కాబట్టి కొంత పోద్దేమో, నేను కాదన్ను, ఫోన్లకి చాలు. ట్యాలీకి, ఆఫీసు మీటింగులకి వైరే.

---

రాజోలు_లెక్కలక్క:

నేను కూడా అకౌంట్స్ పనే చేస్తానండి, ఇంట్లోనే మూడు కంప్యూటర్లు, ఇద్దరు అమ్మాయిలు పనిచేస్తారు. మీ శ్రీమతి గారి బాధ నాకు బాగా తెలుసు, ఆవిడకి చూపించండి ఇది.

ముందు ట్యాలీ లైసెన్సు ఏదో చూడండి. సిల్వర్ అయితే ఒక్కరికే. గోల్డ్ అయితే ఒకే లోకల్ నెట్‌వర్క్‌లో ఎంతమందైనా వాడొచ్చు. సిల్వర్ పెట్టుకుని ఫోల్డర్ షేర్ చేసి ఇద్దరు ఒకేసారి తీద్దామంటే ఎన్ని రోజులు తల కొట్టుకున్నా అవ్వదు. మావయ్యగారు చూడ్డం మాత్రమే, రాసేది ఆవిడ ఒక్కరే అయితే డేటాని ఆవిడ లాప్‌టాప్‌కే మార్చేసి, ఆయనకి కావాల్సిన రిపోర్టు ప్రింటు కొట్టి ఇవ్వడం నయం. మా మావగారికి నేను అదే చేస్తాను, ఆయనకి కాయితం మీద చూస్తేనే నమ్మకం.

ఫోల్డర్ ఎందుకు ఓపెన్ అవ్వట్లేదంటే, కొత్త లాప్‌టాప్ విండోస్ 11 ప్రో 24హెచ్2 అయి ఉంటుంది. పాస్‌వర్డ్ లేకుండా గెస్టుగా వెళ్ళే దారి అందులో మూసేసేరు. మీరు పాత అలవాటు కొద్దీ అటువైపు తలుపులు బార్లా తీసిపెట్టేరు, ఇటువైపు కొత్తది తాళం లేని ఇంట్లోకి నేను వెళ్ళను అంటోంది. ఆ సెక్యూరిటీ ఆపెయ్యమని యూట్యూబ్‌లో చెప్తారు, ఆపకండి. మావయ్యగారి కంప్యూటర్లో ట్యాలీ కోసం ఒక యూజర్ పెట్టి దానికి పాస్‌వర్డ్ పెట్టండి, షేర్‌లో ఆ యూజర్‌కే పర్మిషన్ ఇవ్వండి, లాప్‌టాప్‌లో అడిగినప్పుడు ఆ పేరు పాస్‌వర్డ్ కొట్టి గుర్తుంచుకోమనండి. నాలుగంకెల పిన్ కొడితే అవ్వదు, పిన్ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడే పనికొస్తుంది, నెట్‌వర్క్ మీద పనికిరాదు. దీనికే నాది ఒక ఆదివారం మొత్తం పోయింది. రెండు కంప్యూటర్లలోనూ నెట్‌వర్క్ ప్రైవేట్ అని ఉండాలి, పబ్లిక్ అని ఉంటే ఒకదానికొకటి కనపడవు. హోమ్‌గ్రూప్ పెట్టమని ఎవరైనా చెప్తే అది 2018 లోనే తీసేసేరని చెప్పండి.

ప్రింటర్ కనపడకపోవడానికి కారణం మీ పాత రౌటరే. మొదటి రౌటర్ 192.168.1 తో నంబర్లు ఇస్తుంటే, రెండోది తన వెనకాల ఇంకో వీధి పెట్టి 192.168.0 తో ఇస్తోంది. ఈ వీధిలో వాళ్ళకి ఆ వీధిలో ప్రింటర్ కనపడదు. రెండోదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి, అప్పుడది సొంత నంబర్లు ఇవ్వకుండా వైఫై మాత్రమే ఇస్తుంది. ఆ మోడ్ లేకపోతే దాని డీహెచ్‌సీపీ (నంబర్లు పంచే పని) ఆపేసి, దాని నంబర్ 192.168.1.2 లాంటిది ఎవరికీ ఇవ్వనిది పెట్టి, వచ్చే వైరుని వాన్ పోర్టులో కాకుండా లాన్ పోర్టులో పెట్టండి. అప్పుడు అందరూ ఒకే వీధి. ప్రింటర్‌కీ మావయ్యగారి కంప్యూటర్‌కీ మొదటి రౌటర్లో నంబర్లు రిజర్వ్ చేసెయ్యండి, లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నంబర్ మారి, ప్రింటర్ మళ్ళీ మాయం.

ఇంకోటి, మావయ్యగారిది పాత కంప్యూటర్ అన్నారు, విండోస్ 10 అయితే దానికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14 తో అయిపోయింది. ఊళ్ళో వాళ్ళ పాన్ నంబర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ దాంట్లో ఉంటాయి కదా, ఆలోచించండి. వైఫై మీద మాత్రం ట్యాలీ డేటా తెరవకండి, ఎంట్రీ మధ్యలో వైఫై తెగితే డేటా పాడైపోతుంది, నాకు ఒక షాపు వాళ్ళ రెండు నెలల లెక్క మళ్ళీ కొట్టాల్సి వచ్చింది.

బ్యాకప్ గురించి ఎవరూ మాట్లాడలేదు. మనది తుఫాన్ల ఊరండి. 96 నవంబర్‌లో వచ్చినప్పుడు నేను చిన్నదాన్ని, మా నాన్నగారి షాపు పద్దు పుస్తకాలన్నీ నానిపోయి అట్టలు కట్టేసేయి, ఎవరు ఎంత బాకీయో ఎవరికి తెలుసు ఇంక. మొన్న 2025 అక్టోబర్‌లో మొంథా వస్తోందనగానే నేను చేసిన మొదటి పని హార్డ్ డిస్క్‌లో కాపీ తీసి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అటక మీద పెట్టడం, ఇంకో కాపీ రాజమండ్రిలో చెల్లి దగ్గర ఎప్పుడూ ఉంటుంది. కంప్యూటర్ పక్కనే ఉన్న హార్డ్ డిస్క్‌ని బ్యాకప్ అనుకోకండి.

---

ఇన్వర్టర్_బావ:

కరెంటు ముక్క నేను చెప్తా. ఇన్వర్టర్ వెనకాల యూపీఎస్, నార్మల్ అని చిన్న మీట ఉంటాది చాలావాటికి, మీది నార్మల్‌లో ఉండుంటాది. నార్మల్‌లో మారడానికి ఎక్కువ టైం తీసుకుంటాది, ఫ్యాను ఊరుకుంటాది కంప్యూటర్ ఊరుకోదు. యూపీఎస్ వైపు తిప్పండి. అయినా రీస్టార్ట్ అయితే డెస్క్‌టాప్ కింద 600 వీఏ చిన్న యూపీఎస్ పెట్టండి, అది 360 వాట్ల దాకా మోస్తాది, ఇన్వర్టర్ అందుకునేదాకా ఆ ఒక్క క్షణం పట్టుకుంటే చాలు.

లోడు లెక్క చూసుకుంటే 27 అంగుళాల మానిటర్ 30 వాట్ల చుట్టూ, మూడూ కలిపి 90, లాప్‌టాప్ 65, డెస్క్‌టాప్ పెద్ద గ్రాఫిక్స్ కార్డు లేకపోతే 120, రౌటర్లు గట్రా 20. అంతా కలిపి 300 అనుకోండి. 150 ఏహెచ్ బ్యాటరీ అంటే 12 వోల్టుల మీద కాగితం లెక్క 1800 వాట్ అవర్లు, చేతికి వచ్చేది మూడొంతుల్లో రెండొంతులే, మంచి బ్యాటరీ మీద ఒక నాలుగ్గంటలు. ఏసీ దాని మీద పెడదామని ఆశపడకండి. లేజర్ ప్రింటర్ కూడా పెట్టకండి, అది వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగుద్ది, యూపీఎస్ కుయ్యో మొర్రో అంటాది.

వీధి గదిలో రౌటరు ఇన్వర్టర్ లైను మీద ఉందా? ఫైబర్ కన్వర్టరు రెండేపులా ఉండాలి కదా, వీధి గదిలోది ఆరిపోతే దొడ్లో మీకు కరెంటున్నా నెట్ ఉండదు. ఇది చాలామంది మర్చిపోతారు.

ఎర్తు గుంత చూడండి. మన దగ్గర నీళ్ళు పైనే ఉంటాయి కాబట్టి ఎర్తు బాగానే తగుల్తాది, కానీ ఆ ఇనప పైపు ఉప్పుకి తుప్పు పట్టి పైన తీగ ఊడిపోయి ఉంటాది, ఎవరూ చూడరు.

---

మండువా_కుర్రోడు:

రెండు వారాలు పట్టింది, ఏమనుకోకండి, మధ్యలో ఆఫీసులో రిలీజ్ ఒకటి తగిలింది. ఏం జరిగిందో చెప్తాను.

బాబాయ్ గారు చెప్పినట్టు రౌటర్ పీకి లాప్‌టాప్‌కి సూటిగా పెట్టేను, అప్పుడూ 100 యే. కొస చూస్తే గోధుమ రంగు తీగలు రెండూ అసలు లోపలికే వెళ్ళలేదు, వెనక్కి మడిచి టేపు చుట్టేసేడు! మళ్ళీ కొట్టిస్తే 1000 చూపించింది, హమ్మయ్య అనుకుని పాత రౌటర్ పెడితే మళ్ళీ 94. అంటే దొంగలు ఇద్దరు. ఆ వైరు ఎలాగూ తీసేసేను లెండి, పైపులోంచి లాగుతుంటే ఒకచోట కరెంటు వైరు తొక్క నిజంగానే లేచి ఉంది, మా అమ్మ చూసి ఆ కుర్రాణ్ణి ఇంటికి రానివ్వనంది. ఇప్పుడు ఫైబర్ నేలలో వేయించేను, ఏ, బి చూసే కొన్నాను, కేబుల్ టీవీ అతను కొసలు కొట్టేడు, గదిలో గిగాబిట్ రౌటర్ యాక్సెస్ పాయింట్ మోడ్‌లో. స్పీడు 300 వస్తోంది. మొన్న ఆదివారం ఉరుములు మెరుపులు వస్తుంటే మొదటిసారి వైరు పీకకుండా కూర్చున్నాను, ప్లగ్గులు మాత్రం పీకేసేననుకోండి.

టైప్-సి లో ఒకదానికి మెరుపు గుర్తుంది, కేబుల్ ఒక్కటి కొన్నాను అంతే, రెండు 27 లూ విడివిడిగా వస్తున్నాయి. డాక్ కొనలేదు. యూఎస్‌బీ స్విచ్ తెచ్చేను, బావుంది. ఇన్వర్టర్ మీట నిజంగానే నార్మల్‌లో ఉంది, కొన్నప్పట్నుంచీ, తిప్పేక రీస్టార్ట్ అవ్వట్లేదు. లెక్కలక్క గారూ, మా ఆవిడ మీ పోస్టు మొత్తం చదివి లైసెన్సు చూస్తే సిల్వరే, డేటా తన దాంట్లోకి మార్చేసుకుంది. బ్యాకప్ కాపీ ఒకటి కాకినాడలో వాళ్ళ అన్నయ్య ఇంట్లో పెట్టించింది. నన్ను నమ్మలేదు.

మూడో మానిటర్ మాత్రం నాకు దక్కలేదండి. పాత 24 ఖాళీగా ఉందని నాన్నగారు వీధి గదిలోకి తీసుకుపోయేరు, ఒకదాంట్లో రొయ్యల రేటు, ఒకదాంట్లో న్యూస్. ఆయన విండోస్ 10 సంగతి మాట్లాడదామంటే ఇప్పుడు టైం లేదంటున్నారు.

ఆ స్ప్లిటర్ అలాగే ఉంది, వెనక్కి తీసుకోమంటే గడువు అయిపోయిందన్నారు, ఎవరికైనా కావాలా?

---

గోదారి_గట్టు:

నాకు కావాలండి. కనుమకి ప్రభల తీర్థంలో మా ఊరి ప్రభ దగ్గర రెండేపులా రెండు టీవీలు పెడుతున్నాం, రెండిట్లోనూ ఒకే బొమ్మ రావాలంట. రావులపాలెం బస్సులో వేసెయ్యండి, స్టాండులో తీసుకుంటాను.